రాత్రిపూట కెమికల్ గ్యాస్ లీకైతే తలుపులు వేసుకోవాలా, పారిపోవాలా?

మీరు అడిగింది ఇది: హైదరాబాద్‌లో జీడిమెట్ల ఇండస్ట్రియల్ ఏరియాకు కిలోమీటరున్నర దూరంలో, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటున్నారు. ఇంట్లో నాలుగేళ్ల పాప, ఆస్తమా ఉన్న అమ్మగారు. ఏ అర్ధరాత్రో గ్యాస్ లీకైతే తలుపులు మూసుకుని ఉండాలా, బండి తీసి అందరినీ ఎక్కించుకుని వెళ్లిపోవాలా?

సూటిగా చెప్తాను. మీరు చెప్పిన ఇంటికి, ఆ దూరానికి, తలుపులు మూసుకుని లోపలే ఉండండి. బండి తీయొద్దు. అయితే ఇది గంట, మహా అయితే గంటన్నర పని చేసే ఉపాయం. గాలి తేటపడ్డాక తలుపులు, కిటికీలు బార్లా తెరిచి బయటికి రావడం ఇందులో రెండో సగం. ఆ సగం చాలామందికి తెలియదు. ఎందుకో కింద రాస్తాను.

నేను ఇరవై ఆరేళ్లు బల్క్‌డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీల్లో సేఫ్టీ విభాగంలో పనిచేశాను. జీడిమెట్లలో మొదలుపెట్టి, ఎక్కువ కాలం బొల్లారంలో, చివరి నాలుగేళ్లు పాశమైలారంలో. ఇప్పుడు రిటైరై నిజాంపేటలో ఉంటున్నాను. రాత్రి పదకొండు దాటాక మా బాల్కనీలోకీ ఆ వాసన వస్తుంది, కాబట్టి మీ టెన్షన్ నాకు తెలుసు.

ముందు చిన్న లెక్క. కిటికీలు బిగుతుగా మూసిన గదిలో కూడా సందుల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది. గది గాలి ఒక్కసారి మారడానికి రెండు గంటలు పడుతుందనుకుందాం. బయట గ్యాస్ నూరు పాళ్లు ఉంటే, పావుగంట తర్వాత ఆ గదిలో సుమారు 12 పాళ్లు చేరుతుంది. గంటకు 39 దాకా పోతుంది. అదే వెంటిలేటర్లు తెరిచి, తలుపు కింద వేలు పట్టేంత సందున్న గది అయితే గాలి గంటకు రెండుసార్లు మారుతుంది. అప్పుడు పావుగంటకే 39, గంటకు 86. మీ ఇల్లు ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉంటుందన్నది ఒక టేపు చుట్ట, నాలుగు పాత చీరల మీద ఆధారపడి ఉంటుంది. పైగా క్లోరిన్ లాంటి గ్యాసుల్లో ఎంతసేపు పీల్చామన్నదాని కంటే ఎంత చిక్కగా పీల్చామన్నదే ఎక్కువ ప్రమాదం. అందుకే గదిలోకి వచ్చే గ్యాస్‌ను పూర్తిగా ఆపలేకపోయినా, పలచబరిస్తే చాలు, ప్రాణం నిలుస్తుంది.

ఇప్పుడు అదే లెక్కను వెనక్కి తిప్పండి. బయట గాలికి గ్యాస్ మేఘం కొట్టుకుపోయింది. బయట సున్నా. మీ గదిలో మాత్రం ఇంకా 39 ఉంది. బిగుతుగా మూశారు కదా, లోపలికి రావడానికి ఎంత నిదానమో బయటికి పోవడానికీ అంతే నిదానం. ఇంకో గంట అలాగే కూర్చుంటే 24కి తగ్గుతుందంతే. తలుపులు అసలు తీయకపోతే, వీధిలో నిలబడ్డవాడు పీల్చిన మోతాదంతా చివరికి మీరూ పీలుస్తారు, కాకపోతే నింపాదిగా. బయట తేరుకున్న వెంటనే గది ఖాళీ చేయాలి. మా దగ్గర ట్రైనింగ్‌కు వచ్చిన కుర్రాళ్లు అందరికంటే ఎక్కువ తప్పు చేసేది ఇక్కడే.

మరి పరుగెత్తితే? కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. పాపను భుజాన వేసుకుని మెట్లు దిగి పరుగెత్తేవాడు యాభై లీటర్లకు పైనే పీలుస్తాడు. అంటే అదే గాలిలో ఏడెనిమిది రెట్ల విషం. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో జరిగింది ఇదే. దాదాపు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు బయటికి వచ్చింది. జనం నిద్రలో లేచి, గాలి ఎటు వీస్తోందో చూసుకోకుండా ఎటు పడితే అటు పరుగెత్తారు. చాలామంది గ్యాస్‌తో పాటే పరుగెత్తారు. తలుపులు మూసి, తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోమని చెప్పే దిక్కు ఆ రాత్రి ఎవరూ లేరు.

అంత పెద్దది కాకపోయినా నా కళ్లారా చూసింది ఒకటి చెప్తాను. పదిహేనేళ్ల కిందటి మాట, వానాకాలం సాయంత్రం. మా పక్క యూనిట్ యార్డులో థయోనిల్ క్లోరైడ్ డ్రమ్ము ఒకటి తుప్పు పట్టి కారింది. దానికి నీళ్లంటే పడదు. చుక్క తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్ పొగలు చిమ్ముతుంది. వాన చినుకులు పడేసరికి ప్రహరీ గోడ మీంచి తెల్లటి పొగ పొంగింది. రోడ్డు అవతలి కాలనీ జనం ఏం చేశారంటారా? చోద్యం చూడటానికి మూల మీదికి వచ్చారు. ఫోన్లు తీసి వీడియోలు. గాలి ఒక్కసారి వాళ్ల వైపు తిరిగింది. ఇరవై మందికి పైగా దగ్గుకుంటూ ఆస్పత్రికి పోయారు. మాకు ఆశ్చర్యం కలిగించింది వేరే. పొగకు అందరికంటే దగ్గరున్నది ఒక కిరాణా కొట్టు. ఆ కొట్టాయన అరుపులు విని ఏదో కొట్లాట అనుకుని, నలుగురు గిరాకీలను లోపల పెట్టుకుని షట్టర్ దించేశాడు. ఘాటు తగిలేసరికి ఖాళీ గోనె సంచులు తడిపి షట్టర్ కింద కుక్కాడు. మేం వెళ్లి షట్టర్ కొట్టేసరికి ఇరవై అయిదు నిమిషాలైంది. ఐదుగురికీ కళ్లు ఎర్రబడ్డాయి, అంతే. ఆయనకు సేఫ్టీ ట్రైనింగ్ ఎవరూ ఇవ్వలేదు, గొడవలంటే భయం, అదే కాపాడింది.

లోపల ఉండకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. వాటిని దాటేసి ఒక్క మాటతో సమాధానం ఇస్తే అది మోసం.

మొదటిది, రేకుల ఇల్లు. షాపూర్‌నగర్, సూరారం, గాజులరామారం బస్తీల్లో రేకుల రూముల్లో ఉండే కార్మిక కుటుంబాలు ఎన్నో. గోడకీ రేకుకీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంటుంది, దాన్ని ఏ టేపూ మూయలేదు. అలాంటివాళ్లు పక్కనున్న స్లాబు ఇంట్లోకి, వీలైతే మొదటి అంతస్తు పైకి వెళ్లాలి. ఆ స్లాబు ఇంటివాళ్లతో మాట ముందే అనుకుని ఉండాలి. అర్ధరాత్రి గేటు కొడితే ఎవరో అనుకుని తీయరు.

రెండోది, మంట లేదా పేలుడు ప్రమాదం. ఎల్పీజీ ట్యాంకర్ బోల్తా పడిందంటే, సాల్వెంట్ (రసాయనాలను కరిగించే ద్రవం) ట్యాంకు తగలబడుతోందంటే, మీరు దగ్గర్లో ఉంటే, తలుపు మూయడం వల్ల లాభం లేదు. పోలీసులు చెప్పిన దిక్కుకు వెళ్లిపోవాల్సిందే. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగింది పేలుడు, గ్యాస్ మేఘం కాదు. రెండింటికీ జాగ్రత్తలు వేరు. పేలుడు శబ్దం వినిపిస్తే ముందు కిటికీ అద్దాలకు దూరంగా జరగండి, ఏం జరిగిందోనని అద్దం దగ్గరికి పోయి చూడొద్దు.

మూడోది, అధికారులు ముందే ఖాళీ చేయమంటే. గ్యాస్ ఇంకా మీ దాకా రాలేదు, టైం ఉంది, పోలీసులో ఫైరువాళ్లో మైకులో చెప్తున్నారు. అప్పుడు వాదించొద్దు, వెళ్లండి.

నాలుగోది చెప్పడం కష్టం. లీకు గంటల తరబడి ఆగకుండా సాగి, మీ ఇల్లు ఫ్యాక్టరీ గోడను ఆనుకుని, గాలి మీ మీదికే వీస్తుంటే మూసిన గది కూడా చివరికి నిండుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి వచ్చినప్పుడు ఆర్.ఆర్. వెంకటాపురం గతి అదే. స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు. నేల మీద నీళ్లలా పాకుతుంది. జనం నిద్రలో ఉన్నారు. సైరన్ ఏర్పాటు ఉండి కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన హై పవర్ కమిటీ రాసింది. కొందరు ఇళ్లలో స్పృహ తప్పారు, కొందరు పరుగెడుతూ దారిలో పడిపోయారు. పన్నెండు మంది పోయారు. అలాంటిచోట లోపల ఘాటు క్షణక్షణానికి పెరుగుతూ కళ్లు తెరవలేని స్థితి వస్తుంటే బయటపడాలి. అయితే గాలి వీచే దిక్కుకు గానీ, ఎదురుగా లీకు మీదికి గానీ పోవద్దు, గాలికి అడ్డంగా నడవాలి. గ్యాస్ మేఘం పొడవుగా, సన్నగా సాగుతుంది. రెండు మూడు వీధులు పక్కకు జరిగితే చాలాసార్లు దాని అంచు దాటేస్తారు. గాలి దిక్కు తెలియాలంటే డాబా మీద ఆరేసిన బట్టలు, గుడి మీద జెండా, ఆఖరికి టీ కొట్టు పొయ్యి పొగ చూసినా చాలు.

మీది కిలోమీటరున్నర. మధ్యలో బోలెడు బిల్డింగులు. మీ దాకా వచ్చేసరికి ఏ గ్యాసైనా కొంత పలచబడుతుంది. అందుకే మీకు మొదటి మాటే నా సమాధానం.

మీ మూడో అంతస్తు మీకు మేలు. క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు, బ్రోమిన్ ఆవిరి అయిదు రెట్లకు పైనే. ఇవి కిందికి దిగుతాయి. అమ్మోనియా గాలికంటే తేలిక, పైకి పోతుంది. కానీ ఐస్ ఫ్యాక్టరీలోనో, కోల్డ్ స్టోరేజీలోనో ద్రవంగా ఉన్న అమ్మోనియా ఒక్కసారిగా చిమ్మితే, ఆ చల్లదనానికి మొదట కొంతసేపు అదీ నేలను అంటిపెట్టుకునే ఉంటుంది. కాబట్టి పైఅంతస్తు మంచిది, డాబా మాత్రం కాదు. డాబా అంటే ఆరుబయటే.

ఇక్కడే ఒక మాట అడగాలి. మీ సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉంటోందా? మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ మూలన, మీటర్ బోర్డుల పక్కన ఒక గది, అందులో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. కొన్నేళ్ల కింద బాలానగర్ వైపు ఒక తుక్కు దుకాణంలో పాత క్లోరిన్ సిలిండర్ వాల్వు కోయబోయారు. ఎదుటి అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు వాళ్లు స్విమ్మింగ్ పూల్ వాసనలా ఉందనుకుని కిటికీలు మూసి పడుకున్నారు. ర్యాంపు మీదుగా ఆకుపచ్చ పసుపు పొగ సెల్లార్‌లోకి జారింది. వాచ్‌మన్ భార్యా, చిన్నబాబూ మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. బతికారు. నేను తెల్లారి వెళ్లి చూస్తే ఆ గది గోడకు తగిలించిన ఇత్తడి తాళం గుత్తి పచ్చబడి ఉంది. మీ కిటికీ మూయడానికి ముందు ఇంటర్‌కామ్‌లో వాచ్‌మన్‌ను పైకి రమ్మనండి. ఒక గదిలో ఇంకో నలుగురు పడితే ఊపిరాడదేమో అన్న భయం వద్దు. విపత్తు నిర్వహణలో వాడే లెక్క ప్రకారం మనిషికి పది చదరపు అడుగుల చోటుంటే, మామూలుగా కూర్చుని ఉంటే, అయిదు గంటల దాకా ఇబ్బంది రాదు. పదీ పది గది అంటే పది మందికి సరిపోతుంది.

ఇక గది సంగతి. ఎంచుకోవాల్సింది కిటికీలు తక్కువున్న, ఫ్యాక్టరీల వైపు కాని బెడ్‌రూమ్. అది కాగితం మీద తేలిక. అసలు కష్టం ఎక్కడుందో నాకు మా అమ్మాయి ఇంట్లో తెలిసింది. వాళ్లది బాచుపల్లిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఒక ఆదివారం రాత్రి ఫ్యాన్లన్నీ ఆపి, కిటికీలు మూసి, వంటింటి చిమ్నీ ఫుల్ స్పీడులో పెట్టించాను. చిమ్నీ లోపలి గాలిని బయటికి తోస్తుంటే, ఆ లోటు భర్తీ చేయడానికి ప్రతి సందులోంచీ బయటి గాలి లోపలికి రావాలి కదా. ఊదొత్తి వెలిగించి ఒక్కో సందు దగ్గరా పట్టుకుంటూ తిరిగాను. మా అల్లుడు సోఫాలోంచి, "మామయ్యగారూ, పూజా, దిష్టి తీయడమా?" అన్నాడు. పొగ నిటారుగా లేస్తే అక్కడ సందు లేనట్టు. పక్కకు వంగితే ఉన్నట్టు.

మెయిన్ డోరు కింద వంగుతుందని ఊహించిందే. బెడ్‌రూమ్‌లో స్ప్లిట్ ఏసీ వెనక రాగి పైపు బయటికి వెళ్లే కంత దగ్గర పొగ దాదాపు అడ్డంగా పడుకుంది. బిగించినవాడు గోడకు గుప్పెడంత రంధ్రం పొడిచి, పైపు దూర్చి, మిగతాది వదిలేశాడు. స్లైడింగ్ కిటికీ కింది పట్టాలో వాన నీళ్లు పోవడానికి పెట్టిన చిన్న చిన్న కంతలు, అక్కడా వంగింది. స్విచ్‌బోర్డు చుట్టూ కూడా కొద్దిగా. బాత్‌రూమ్ వెంటిలేటర్ అద్దం పలకల్లో ఒకటి లేదు, ఆ ఖాళీలో పావురం గూడు. అల్లుడు అప్పుడు సోఫాలోంచి లేచాడు.

తర్వాత గడియారం పెట్టి, "ఇప్పుడు గ్యాస్ వచ్చింది, ఈ గది మూయండి" అన్నాను. పందొమ్మిది నిమిషాలు పట్టింది. అందులో ఏడు నిమిషాలు కత్తెర వెతకడానికి, టేపు కొస గోటితో గీరి దొరకబుచ్చుకోవడానికే పోయాయి. మరుసటి వారం కిటికీకి, వెంటిలేటర్‌కు సరిపడా మందపాటి ప్లాస్టిక్ షీటు అంచు నాలుగు వేళ్లు ఎక్కువ ఉండేలా కోసి, ఏది దేనికో మార్కర్‌తో రాసి, మడిచి పెట్టాం. టేపు కొస మడిచి పెట్టాం. ఏసీ కంతను మాత్రం అప్పటికప్పుడు వైట్ సిమెంటుతో శాశ్వతంగా మూసేశాం. రెండోసారి ఆరు నిమిషాలు. పార్సిళ్లకు వేసే బ్రౌన్ టేపు వెడల్పుది, ప్లాస్టిక్ షీటు, టార్చి, పవర్ బ్యాంకు, నీళ్ల సీసాలు, పాత చీరలు, ఇవన్నీ ఒకే సంచిలో ఆ గదిలోనే, మంచం కింద పెట్టండి. మీరైతే అమ్మగారి ఇన్‌హేలర్ ఒకటి అదనంగా ఆ సంచిలోనే ఉంచండి. ఎక్స్‌పైరీ చూసుకుంటూ ఉండాలి.

గ్యాస్ అని తెలిసిన నిమిషంలో ఇలా చేయండి: చిమ్నీ, బాత్‌రూమ్ ఎగ్జాస్టు, కూలర్ ముందుగా ఆపేయండి. కూలర్ బయటి గాలిని లాగి లోపలికి తోసే యంత్రం. వేసవిలో అది నడుస్తుంటే మీరు గ్యాస్‌ను గొట్టం పెట్టి లోపలికి తెచ్చుకున్నట్టే. కిటికీలో బిగించిన కూలరైతే ఆ గదిని మర్చిపోండి, ఇంకో గది చూసుకోండి. విండో ఏసీకి బయటి గాలి కోసం చిన్న మూత ఉంటుంది, అది వేసి ఆపేయండి. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది. అన్నీ ఆపేయమనే సలహా ఎక్కడైనా చూస్తారు, అది సురక్షితమే. కానీ మే నెలలో మూసిన గదిలో చిన్నపాప, పెద్దావిడ ఉంటే స్ప్లిట్ ఏసీని ఆపి తీరాలని నేను పట్టుబట్టను, పైపు కంత మూసి ఉంటే చాలు. స్టవ్ ఆపండి. దేవుడి దగ్గర దీపం కూడా. లిఫ్టు ఎక్కొద్దు. బాత్‌రూమ్ నాలీలో చెంబెడు నీళ్లు పోసి తలుపు మూయండి. మెయిన్ డోరు కింద ఒకటి, గది తలుపు కింద ఒకటి తడి చీరలు కుక్కండి. దోమల జాలీ గ్యాస్‌ను ఆపదు, అద్దం మూయాల్సిందే.

తడిగుడ్డ గురించి అందరూ అడుగుతారు. అమ్మోనియా, క్లోరిన్, హైడ్రోజన్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్ లాంటివి నీళ్లలో కరుగుతాయి లేదా నీటితో కలుస్తాయి కాబట్టి మడతలు పెట్టిన తడిగుడ్డ కొంత కాపాడుతుంది. స్టైరీన్, టోలీన్ లాంటి సాల్వెంట్లకు, కార్బన్ మోనాక్సైడ్‌కు దానితో పని జరగదు. కరోనాలో కొన్న ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది, గ్యాస్‌ను ఆపదు. గుడ్డ కడితే నష్టం లేదు, కానీ కట్టుకున్నాం కదా అని బయటికి రావొద్దు.

వాసన మీద నమ్మకం పెట్టుకోకండి. కుళ్లిన గుడ్ల వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. రాత్రిళ్లు దొంగచాటుగా ట్యాంకర్లతో నాలాల్లో యాసిడ్ వ్యర్థాలు వదిలే చోట పుట్టేది ఎక్కువగా ఇదే. "వాసన తగ్గింది" అంటే గ్యాస్ తగ్గిందని అర్థం కాకపోవచ్చు. పోలీసులో, ఫైరువాళ్లో చెప్పే దాకా, లేదా టీవీలో, ఫోన్‌కు వచ్చే ప్రభుత్వ అలర్టులో చెప్పే దాకా ఆగండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో "అంతా క్లియర్" అన్నారని తలుపు తీయకండి.

చెప్పాక మాత్రం ఆలస్యం వద్దు. టేపు పీకండి, అన్ని కిటికీలు తెరవండి, ఫ్యాన్లు వేయండి, చిమ్నీ ఆన్ చేయండి, ఇంట్లో అందరూ ఓ గంట బయట నిలబడండి. మూత లేకుండా ఉన్న అన్నం, కూరలు పారేయండి. కళ్లు మండితే పావుగంట పాటు ధారగా మామూలు నీళ్లతో కడగండి. బయట చిక్కుకుని వచ్చినవాళ్లు ఉంటే గుమ్మం దగ్గరే పైబట్టలు విప్పించి, కవర్లో కట్టి, స్నానం చేయించి లోపలికి రానివ్వండి.

క్లోరిన్, ఫాస్జీన్ లాంటివి పీల్చినవాళ్లకు గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అప్పటికి దగ్గు తగ్గి బాగానే కనిపిస్తారు. ఒక రోజంతా కనిపెట్టి చూడాలి, బరువు పనులు చేయనివ్వకూడదు. ఆయాసం మొదలైతే 108కి ఫోన్ చేయండి. అమ్మగారికి ఆస్తమా కాబట్టి మామూలు మనుషుల కంటే తక్కువ మోతాదుకే ఊపిరితిత్తులు బిగుసుకుంటాయి. ఇన్‌హేలర్ ఎన్ని పఫ్‌లు, ఎంత గ్యాపుతో అన్నది ఇప్పుడే వాళ్ల డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకుని సంచిలో పెట్టండి. ఆ రాత్రి మీ చేతులు వణుకుతుంటే గుర్తు రాదు.

మీరు రోడ్డు మీద ఉండగా జరిగితే, కారులో అద్దాలు ఎక్కించి, ఏసీలో లోపలి గాలి తిరిగే బటన్ నొక్కి గాలికి అడ్డంగా వెళ్లండి. టూవీలర్ మీదైతే ముందు కనపడిన పక్కా బిల్డింగ్‌లోకి దూరండి. సుచిత్ర సర్కిల్ దగ్గర మామూలు సాయంత్రమే ఎలా ఉంటుందో మీకు తెలుసు. అందరూ ఒకేసారి బండ్లు తీస్తే ఆ జామ్‌లో హెల్మెట్ పెట్టుకుని గ్యాస్ పీలుస్తూ నిలబడాలి.

రోజూ వచ్చే వాసనకూ ప్రమాదానికీ తేడా ఎలా తెలుస్తుందని అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. చలికాలం రాత్రి నేల చల్లబడి, కింది గాలి పైకి లేవక, ఏ చిమ్నీలోంచి ఏం వదిలినా మన ముక్కు ఎత్తులోనే ఆగుతుంది. ఆ వాసన మీద పొల్యూషన్ బోర్డుకు ఫిర్యాదు చేయండి, తారీఖు, టైం రాసిపెట్టుకోండి. కళ్లు మండడం, గొంతు పట్టడం, పక్క ఫ్లాట్లలోనూ అందరూ ఒకేసారి దగ్గడం, నేల మీద తెల్లగానో పసుపుగానో పొగ పాకడం, కుక్కలు, పక్షులు తూలడం: ఇందులో ఏ ఒక్కటి కనపడినా ఇక ఆలోచన వద్దు, మూసేయండి. మూశాక 112కి ఫోన్ చేయండి, లేదా ఫైర్‌కు 101. ల్యాండ్‌మార్కు, పొగ రంగు, గాలి ఎటు వీస్తోంది, ఈ మూడూ చెప్పండి.

సైరన్ సంగతి. 1996 నాటి రసాయన ప్రమాదాల నిబంధనల ప్రకారం ఇలాంటివాటికి ప్రభుత్వం వైపు నుంచి ఏర్పాటు ఉండాలి. భారీ ప్రమాదానికి అవకాశమున్న ఫ్యాక్టరీల విషయంలో గోడ బయట ఏం చేయాలన్న ప్రణాళిక జిల్లా కలెక్టర్ దగ్గర ఉంటుంది. ప్రమాదాల గురించి, జాగ్రత్తల గురించి చుట్టుపక్కల జనానికి చెప్పాల్సిన బాధ్యత చట్టప్రకారం యాజమాన్యానిదే. అమలు వేరే కథ. నేను పనిచేసిన ఒక చోట ఏటా మాక్ డ్రిల్ చేసేవాళ్లం, స్ట్రెచర్ మీద మా స్టోర్ కీపర్‌ను పడుకోబెట్టి ఫోటోలు తీసి ఫైల్లో పెట్టేవాళ్లం. గోడ అవతలి కాలనీలో ఒక్కరికీ ఆ సైరన్ అర్థమేమిటో మేం ఎప్పుడూ చెప్పలేదు. షిఫ్టు సైరన్ అనుకునేవాళ్లు. ఆ తప్పులో నాకూ భాగముంది. 2025 మే 7న నగరంలో యుద్ధ సన్నద్ధత కోసం సైరన్లు మోగించి డ్రిల్ చేసినప్పుడు మా అపార్ట్‌మెంట్ వాళ్లు బాల్కనీల్లోకి వచ్చి చూశారు. విశాఖ ఘటన జరిగి ఆ రోజుకు సరిగ్గా అయిదేళ్లు.

కాబట్టి మీ అసోసియేషన్ తరఫున ఒక లెటర్ హెడ్ మీద దగ్గర్లోని ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టర్‌ను మూడే అడగండి: మాకు దగ్గర్లో పెద్ద ఎత్తున నిల్వ ఉన్న ప్రమాదకర రసాయనాలు ఏవి, ప్రమాద సైరన్ ఎలా మోగుతుంది, ప్రమాదం తీరిందని ఎలా మోగుతుంది. జీడిమెట్ల మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా కిందికి, బొల్లారం పారిశ్రామికవాడ సంగారెడ్డి కిందికి వస్తాయి, కాగితం తప్పు ఆఫీసుకు పోతే నెలలు తిరుగుతుంది.

ఒక్కటి మీరు రాయలేదు. ఫ్యాక్టరీలు మీ ఇంటికి ఏ దిక్కున ఉన్నాయి? వానాకాలంలో మనకు గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వీస్తుంది. చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి, అదీ నెమ్మదిగా. దిక్కు, మీ ఫ్లాట్‌లో గదులు ఎటు ఉన్నాయో, కూలర్ ఏ కిటికీలో ఉందో రాయండి. ఏ గది మూసుకోవాలో చెప్తాను. ఈలోపు ఊదొత్తి పరీక్ష చేసి చూడండి, ఏసీ పైపు దగ్గర మొదలుపెట్టండి.